రోబోట్ బ్యాటరీకి ఏ టెస్టర్ కొనాలి, ఏ ఛార్జర్ కొనాలి: ఎఫ్‌ఆర్‌సీ టీముల కోసం

మల్టీమీటర్ పెడితే 12.9 వోల్టులు చూపించిన బ్యాటరీ, ఫీల్డ్ మీదకి వెళ్లాక రెండో నిమిషంలో రోబోట్‌ని ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. పిల్లలు కోడ్‌లో తప్పు వెతుకుతారు, మోటార్ విప్పుతారు, వైర్లన్నీ పీకి మళ్లీ పెడతారు, సాయంత్రం దాకా ఒకటే టెన్షన్. బ్యాటరీ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు, ఎందుకంటే అది "ఫుల్లుగానే ఉంది" కదా! ఫుల్లుగా ఉండటం వేరు, బాగుండటం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి ఏ పరికరం కొనాలి, దేనికి డబ్బు దండగ, ఛార్జర్ విషయంలో ఎక్కడ రాజీపడొచ్చు, ఎక్కడ పడకూడదు అన్నది చెప్తాను.

అమెరికాలో హైస్కూల్ పిల్లలు ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌ని, అంటే ఎఫ్‌ఆర్‌సీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఈ టీముల్లో మన పిల్లలు ఉన్నారు, వాళ్ల వెంట మెంటర్లుగా వెళ్లే అమ్మానాన్నలూ ఉన్నారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లకి కోడ్ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు గానీ బ్యాటరీ బండి దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. ఈ పోటీలో రూల్ ప్రకారం 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీయే వాడాలి, 20 గంటలపాటు మెల్లగా ఖాళీ చేసే లెక్కన 17 నుంచి 18.2 ఆంప్ అవర్ల మధ్య ఉండాలి. లిథియం పెడదామా అని ప్రతి కొత్త పేరెంటూ అడుగుతారు, రోబోట్ నడిపించడానికి అది కుదరదు. సుమారు ఆరు కిలోల ఈ డబ్బాతోనే రెండున్నర నిమిషాలు అటూ ఇటూ సాగే మ్యాచ్ నెట్టుకురావాలి.

బ్యాటరీ గురించి తెలుసుకోవాల్సినవి రెండు. లోపల ఎంత ఉంది, అడిగినప్పుడు ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదు. మొదటిది కెపాసిటీ, రెండోది ఇంటర్నల్ రెసిస్టెన్స్ మీద, అంటే బ్యాటరీ లోపల కరెంటుకి ఉండే అడ్డు మీద ఆధారపడేది. పాత ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: కరెంటు పోతే ట్యూబ్‌లైటు, ఫ్యాను హాయిగా నడుస్తాయి, అంతలో ఎవరో మిక్సీ వేస్తే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతుంది. బ్యాటరీలో ఛార్జ్ లేక కాదు, అంత కరెంటు ఒక్కసారిగా ఇచ్చే సత్తా లేక. రోబోట్ మీద పడేది ఎప్పుడూ మిక్సీ లోడే.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. రోబోట్ ఎదుటివాళ్లని నెడుతూ ఒక్క క్షణం 200 ఆంపియర్లు లాగిందనుకుందాం (మెయిన్ బ్రేకర్ మీద 120 అని ఉంటుంది గానీ అది వేడి మీద పనిచేసే బ్రేకర్, కొన్ని సెకన్లపాటు అంతకంటే ఎక్కువే పోనిస్తుంది). బ్యాటరీ నుంచి కరెంటు పంచే బోర్డు దాకా ఉన్న వైర్లు, కనెక్టర్లు, బ్రేకర్ అన్నీ కలిపి 0.005 ఓమ్ అనుకుంటే అక్కడే ఒక వోల్టు పోతుంది. బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ 0.014 అయితే ఇంకో 2.8 పోతుంది, 12.9 కాస్తా 9.1 అవుతుంది, రోబోట్ హాయిగా నడుస్తుంది. అదే 0.025 ఉన్న పాత బ్యాటరీ అయితే లోపలే 5 వోల్టులు పోయి 6.9 మిగులుతుంది. రోబోట్‌కి మెదడులాంటి కంట్రోలర్ రోబోరియో 2 మామూలు సెట్టింగ్‌లో 6.75 దగ్గర బ్రౌనౌట్ అయి, అంటే వోల్టేజ్ చాలక, మోటార్లని ఆపేస్తుంది, పాత రోబోరియో 1 అయితే 6.3 దగ్గర. అంటే అంచు మీద నిలబడ్డట్టే. ఇంతా చేసి ఆ రెండు బ్యాటరీలూ మల్టీమీటర్‌కి చూపించింది 12.9 మాత్రమే.

టెస్టర్లు

మల్టీమీటర్ ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అది చెప్పేది ఛార్జ్ ఏ స్థాయిలో ఉందన్నది మాత్రమే. అది కూడా బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉన్నాక చూస్తేనే. ఛార్జర్ తీసిన వెంటనే పెడితే 13 దాటి కనిపిస్తుంది, ఆ పైపై ఛార్జ్‌ని నమ్మకండి. తీరిగ్గా చూసినప్పుడు 12.8 నుంచి 13.0 మధ్య ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. నిండా ఛార్జ్ చేసి ఒక రాత్రి వదిలేస్తే పొద్దునకి 12.5కి దిగిపోయే బ్యాటరీ ఏదైనా ఉంటే అందులో ఒక సెల్ పోయిందేమోనని అనుమానించండి, దాన్ని పోటీకి తీసుకెళ్లకండి. మల్టీమీటర్‌తో జరిగే మంచి పని ఇదీ, ఇంతకు మించి దాన్ని అడగొద్దు.

బ్యాటరీ బీక్ అనేది క్రాస్ ది రోడ్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఈ పోటీ కోసమే చేసిన చిన్న పరికరం. రోబోట్ బ్యాటరీకి ఉండే ఎర్ర యాండర్సన్ కనెక్టర్‌లోకి నేరుగా గుచ్చేయొచ్చు, క్లిప్పులు పెట్టే గొడవ లేదు. లోడ్ లేనప్పుడు వోల్టేజ్, 1 ఆంపియర్ లోడ్‌కి వోల్టేజ్, 18 ఆంపియర్ల లోడ్‌కి వోల్టేజ్ వరసగా చూపిస్తుంది, వాటి నుంచి రెసిస్టెన్స్ లెక్కకట్టి చూపిస్తుంది, ఛార్జ్ శాతం కూడా చెప్తుంది. దీంట్లో నాకు నచ్చేది ఏమిటంటే, తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా కొన్ని సెకన్లలో చూసి కాగితం మీద రాసేయగలడు. లోడ్ లేనప్పుడు 12.90, 18 ఆంపియర్లకి 12.65 వస్తే తేడా పావు వోల్టు, దాన్ని 18తో భాగిస్తే 0.014, మంచి బ్యాటరీ. అదే 12.45కి దిగితే 0.025, పైన లెక్కలో చూసిన ముసలి బ్యాటరీ అదే. అయితే తెర మీద వచ్చే "గుడ్", "ఫెయిర్" మాటల కంటే ఆ రెసిస్టెన్స్ అంకె చూడటం అలవాటు చేయండి. ఛార్జ్ తక్కువగా ఉన్న బ్యాటరీలోనూ, చల్లటి గరాజ్‌లో రాత్రంతా ఉన్న బ్యాటరీలోనూ రెసిస్టెన్స్ ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి పోల్చేటప్పుడు అన్నీ నిండా ఛార్జ్ అయి, ఒకే గదిలో ఒకే వేడి దగ్గర ఉన్నప్పుడు పోల్చాలి. దీని లోపం ఒక్కటే: ఇది కెపాసిటీ కొలవదు. రెసిస్టెన్స్ తక్కువే ఉండి కెపాసిటీ తగ్గిపోయిన బ్యాటరీ దీని కళ్లు కప్పేస్తుంది.

కార్ల షాపుల్లో దొరికే 100 ఆంపియర్ల లోడ్ టెస్టర్ ఇంకో దారి. లోపల హీటర్ కాయిల్ లాంటిది ఉంటుంది, స్విచ్ నొక్కితే బ్యాటరీ నుంచి గట్టిగా కరెంటు లాగుతుంది, ముల్లు ఎంత పడిందో చూడటమే. ఖర్చు తక్కువ, పైగా 18 ఆంపియర్ల కంటే 100 ఆంపియర్లు రోబోట్ లోడ్‌కి చాలా దగ్గర, కాబట్టి బీక్ దగ్గర మంచి మార్కులు తెచ్చుకున్న బ్యాటరీ ఇక్కడ చతికిలపడటం జరుగుతుంది. కానీ పది సెకన్లకి మించి నొక్కకూడదు, ఒక టెస్టుకీ ఇంకో టెస్టుకీ మధ్య చల్లారనివ్వాలి, పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. ముల్లు పక్కన ఉండే ఆకుపచ్చ, ఎరుపు రంగులు పెద్ద కారు బ్యాటరీల కోసం గీసినవి, వాటిని పట్టించుకోకండి. మీ బ్యాటరీలన్నిటినీ ఒకే రోజు వరసగా పెట్టి, ఏది ఎక్కువ పడిందో చూసి వరస వేసుకోండి, అంతే. దాని క్లిప్పులు తీసేసి యాండర్సన్ కనెక్టర్ బిగించుకుంటే ఇంకా మేలు, క్లిప్పు జారి రెండు టెర్మినళ్లకీ తగిలే ప్రమాదం పోతుంది.

లోడ్ లేకుండానే చిన్న సిగ్నల్ పంపి మిల్లీఓమ్‌లు, కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ (చలిలో ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంటు) చూపించే డిజిటల్ టెస్టర్లు కూడా ఉన్నాయి. పనికొస్తాయి. కానీ వాటి అంకెనీ బీక్ అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, కొలిచే పద్ధతే వేరు. సీజన్ మొదట్లో ఏ పరికరంతో మొదలుపెట్టారో చివరిదాకా దాన్నే వాడండి.

ఇక సీబీఏ, వెస్ట్ మౌంటెన్ రేడియో వాళ్ల కంప్యూటరైజ్డ్ బ్యాటరీ ఎనలైజర్. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని దీనికి తగిలిస్తే మీరు చెప్పిన కరెంటుని నిలకడగా లాగుతూ, ల్యాప్‌టాప్‌లో వోల్టేజ్ గ్రాఫ్ గీస్తూ, చివరికి ఎన్ని ఆంప్ అవర్లు వచ్చాయో చెప్తుంది. చాలా టీములు 7.5 ఆంపియర్ల దగ్గర పెడతాయి, ఒక్కో బ్యాటరీకి గంటన్నర అటూ ఇటూ పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు "18 అని రాసి ఉంటే 18 రాలేదేంటి, మోసం" అంటారు. మోసం కాదు. 18 అన్నది 0.9 ఆంపియర్ల చొప్పున 20 గంటలపాటు మెల్లగా లాగితే వచ్చే లెక్క. లెడ్ యాసిడ్‌లో ఎంత వేగంగా లాగితే అంత తక్కువ వస్తుంది. అందుకని డబ్బా మీద అంకెతో కాకుండా, అదే బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చిన అంకెతో పోల్చాలి. ఈ ఏడాది గ్రాఫ్‌ని పోయినేడాది గ్రాఫ్ మీద పెట్టి చూస్తే, చివర్లో గీత ఎక్కడ మడత పడి కిందికి జారిందో కనిపిస్తుంది. రెండు మూడు బ్యాటరీలకి అది చూస్తే చాలు, పిల్లలకి సంగతి అర్థమైపోతుంది.

నిజం చెప్పాలంటే సీబీఏ ప్రతి టీముకీ అవసరం లేదు. ఏడాదికి రెండుసార్లు వాడే వస్తువు అది. పక్క టీముని ఒక వారాంతం అడిగి తెచ్చుకోండి, ఎఫ్‌ఆర్‌సీలో ఇలాంటివి ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. బీక్ మాత్రం సొంతంగా ఉండాలి, ఎందుకంటే అది ప్రతి మ్యాచ్‌కి ముందు కావాలి.

డబ్బు పెట్టక్కర్లేని టెస్టర్ ఒకటి మీ దగ్గర ఇప్పటికే ఉంది, డ్రైవర్ స్టేషన్ లాగ్, అంటే రోబోట్‌ని నడిపే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ రాసుకునే రికార్డు. మ్యాచ్ అయ్యాక లాగ్ తెరిస్తే వోల్టేజ్ గీత ప్రతి కుదుపుకీ ఎంత కిందికి పోయిందో కనిపిస్తుంది. అసలైన లోడ్ మీద అసలైన రోబోట్‌తో చేసిన టెస్ట్ అది. ఏ మ్యాచ్‌లో ఏ బ్యాటరీ పెట్టారో రాసి ఉంటేనే దానికి విలువ. అందుకని ప్రతి బ్యాటరీ మీద కొన్న ఏడాది, వరస నంబరు మార్కర్‌తో రాయండి: 2024లో కొన్న మూడోది అయితే 24-3. పిల్లలు పేర్లు కూడా పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి, పేరున్న బ్యాటరీని ఎవరూ మర్చిపోరు.

టెస్ట్ చేసే ముందు నట్టు చూడండి

ఏ టెస్టర్ కొన్నా, దాని మాట వినే ముందు టెర్మినల్ దగ్గర లగ్‌ని (వైరు చివర ఉండే లోహపు ముక్కని) వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. కాస్త కదిలినా వదులే. వదులు లగ్ దగ్గర 0.005 ఓమ్ చేరితే 200 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు గోవిందా. పైన లెక్కలో 6.9 దగ్గర అంచు మీద ఉన్న బ్యాటరీ అక్కడితో బ్రౌనౌట్‌లోకి పడిపోతుంది. బ్యాటరీ ముసలిదైందనుకుని పక్కన పడేసినవాటిలో కొన్నిటికి నట్టు బిగిస్తే చాలు. స్టార్ వాషర్ గానీ, లోపల నైలాన్ ఉన్న లాక్ నట్టు గానీ వేసి, దాని మీద హీట్ ష్రింక్ లేదా టేపు చుట్టండి. బ్యాటరీని వైరు పట్టుకుని ఎత్తడం ఎవరు చేసినా వెంటనే ఆపండి, టెర్మినల్ లోపల ఎక్కడ విరిగేదీ బయటికి కనిపించదు. కింద పడ్డ బ్యాటరీని టెస్ట్ చేసి మళ్లీ వాడదాం అన్న ఆలోచనే వద్దు. పగిలి యాసిడ్ కారితే గ్లవ్స్ వేసుకుని వంటసోడా చల్లాలి, ఒక డబ్బా బ్యాటరీ బండిలోనే ఉంచుకోండి.

ఛార్జర్లు

టెస్టర్లలో రాజీపడొచ్చు, ఛార్జర్‌లో పడొద్దు. చెడ్డ ఛార్జర్ ఒక్క సీజన్‌లో బ్యాటరీలన్నిటినీ తినేస్తుంది.

రూల్ ఒకటే గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఛార్జింగ్ కరెంటు 6 ఆంపియర్లు దాటకూడదు. ఇంట్లో గరాజ్‌లో ఉన్న కారు ఛార్జర్ తెస్తాను అని ఎవరో ఒక పేరెంట్ ప్రేమగా అంటారు. వాటిలో చాలావాటికి 10, 15 ఆంపియర్ల సెట్టింగ్, "ఇంజన్ స్టార్ట్" అని 50 పైచిలుకు ఆంపియర్ల సెట్టింగ్ ఉంటాయి, ఎవరో పొరపాటున తిప్పితే ఈ చిన్న సీల్డ్ బ్యాటరీ వేడెక్కి, వాల్వ్ నుంచి గ్యాస్ వదిలి, లోపల తడి ఆరిపోతుంది. నీళ్లు పోసే బ్యాటరీ కాదు కాబట్టి పోయింది తిరిగి రాదు. "రిపేర్", "డీసల్ఫేట్", "ఈక్వలైజ్" అని వోల్టేజ్‌ని 15, 16 దాకా తీసుకెళ్లే మోడ్‌లు కూడా దీనికి వద్దు. ఛార్జర్ మీద ఏజీఎం (ఇలాంటి సీల్డ్ లెడ్ యాసిడ్ రకం) అని సెట్టింగ్ ఉండాలి, ముందు నిలకడగా కరెంటు ఇచ్చి, తర్వాత 14.4 నుంచి 14.7 వోల్టుల దగ్గర పట్టుకుని, నిండాక 13.5 చుట్టుపక్కలకి దిగిపోవాలి. ఈ మూడు దశలు చేయని ఛార్జర్ ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

ఒక్కో బ్యాటరీకి ఒక్కో చిన్న ఛార్జర్ కొనాలా, మూడు నాలుగు బ్యాంకులున్న (ఒక్కో బ్యాటరీకి విడి ఔట్‌పుట్ ఉన్న) పెద్దది ఒకటి కొనాలా? కొత్త టీము అయితే విడివిడి 6 ఆంపియర్ల ఛార్జర్లే మేలంటాను. ఒకటి పాడైతే మిగతావి పనిచేస్తాయి, డబ్బున్నప్పుడు ఒక్కోటీ చేర్చుకోవచ్చు. కాకపోతే పిట్‌లో, అంటే పోటీ దగ్గర టీముకి ఇచ్చే చోట్లో, ప్లగ్గుల కరువు ఉంటుంది, పది అడుగుల చోటులో మీ ల్యాప్‌టాప్‌లు, లైట్లు, డ్రిల్ బ్యాటరీలు అన్నీ అక్కడే పెట్టాలి, అందుకని మూడో ఏడాది వచ్చేసరికి మల్టీ బ్యాంక్ వైపు మొగ్గడం సహజం. డ్యూయల్ ప్రో, నోకో లాంటివి పడవల కోసం చేసిన మల్టీ బ్యాంక్ ఛార్జర్లు, గట్టివి, చాలా టీముల బండ్ల మీద కనిపిస్తాయి. కొనేముందు ఒక్కటి చూసుకోండి: డబ్బా మీద రాసింది మొత్తం కరెంటా, ఒక్కో బ్యాంకుకా? 10 ఆంపియర్ల బ్యాంకులున్నవి కూడా అదే షెల్ఫ్‌లో ఉంటాయి, అవి ఈ పోటీకి పనికిరావు. వైర్ల చివర యాండర్సన్ కనెక్టర్లు మీరే బిగించుకోవాల్సి రావచ్చు, ఎరుపు నలుపు తారుమారు కాకుండా ఇద్దరు చూసి బిగించండి.

ఛార్జింగ్ టైమ్ సంగతి. మ్యాచ్ ఆడి వచ్చిన బ్యాటరీ వెచ్చగా ఉంటుంది, పావుగంట ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి పెట్టండి. ఎక్కువ భాగం త్వరగా ఎక్కుతుంది, చివరి ఇరవై శాతం నత్తనడకన ఎక్కుతుంది, ఆ చివరి భాగమే మ్యాచ్‌లో వోల్టేజ్‌ని నిలబెట్టేది. మ్యాచ్‌లో ఎంత ఖాళీ అయిందన్నదాన్ని బట్టి గంటన్నర, రెండు గంటలు అనుకోండి. పచ్చ లైటు రాకముందే తీసి పరిగెత్తే అలవాటు ఉంటే మీకు కొరత బ్యాటరీలదే, ఛార్జర్‌ది కాదు. ఇంకో సంగతి, బాగా ఖాళీ అయిపోయిన బ్యాటరీని కొన్ని స్మార్ట్ ఛార్జర్లు అసలు గుర్తించవు, లైటే వెలగదు. దాన్ని ఎలాగోలా లేపి పోటీకి తీసుకెళ్లాలని చూడకండి, ప్రాక్టీస్‌కి కూడా దాన్ని నమ్మలేం.

ఎన్ని బ్యాటరీలు, ఏవి?

చల్లారడం, ఛార్జ్, టెస్ట్ కలిపి ఒక్కో బ్యాటరీ సుమారు రెండు గంటలకి పైగా బండి మీదే ఉంటుంది. క్వాలిఫికేషన్ మ్యాచ్‌ల మధ్య గ్యాప్ ఉంటుంది కాబట్టి నాలుగైదుతో గడుస్తుంది. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి 2023 నుంచి డబుల్ ఎలిమినేషన్ (రెండుసార్లు ఓడితేనే బయటికి), ఓడి కింది బ్రాకెట్‌లోకి పోతే ఒకదాని వెంట ఒకటి ఆడాల్సి వస్తుంది, అప్పుడు నాలుగు బ్యాటరీలు ఏ మూలకీ రావు. పోటీకి ఆరు మంచివి, పిట్‌లో కోడ్ చూసుకోవడానికి విడిగా ఒక పాతది, ఇది నా లెక్క. ఆరు కొనలేకపోతే నాలుగు కొత్తవి కొని బీక్ ఒకటి కొనండి, ఎలా ఉన్నాయో తెలియని పది పాత బ్యాటరీల కంటే అది వెయ్యి రెట్లు నయం.

బ్రాండ్ గురించి వాదనలు ఎప్పుడూ ఉంటాయి. ఎంకే ఈఎస్17-12, ఎనర్‌సిస్ ఎన్‌పీ18-12, ఇంటర్‌స్టేట్ బీఎస్‌ఎల్1116 లాంటివన్నీ ఏళ్లుగా వాడుతున్నవే. నేనైతే బ్రాండ్ కంటే తయారీ తేదీ చూస్తాను, షెల్ఫ్ మీద ఏడాది పడి ఉన్నదాన్ని "కొత్తది" అనలేం. ఏది కొన్నా ఆ ఏడాది గేమ్ మాన్యువల్‌లో లిస్టు చూసుకుని కొనండి, వచ్చిన రోజే ఛార్జ్ చేసి బీక్ అంకె రాసి పెట్టండి. తర్వాత ఎన్నేళ్లు పోల్చినా ఆ మొదటి అంకెతోనే.

ఎప్పుడు పక్కన పెట్టాలి? నిండా ఛార్జ్ అయి ఉండి బీక్ మీద 0.020 దాటితే పోటీ నుంచి తీసి ప్రాక్టీస్‌కి పంపుతాను. సీబీఏలో కొత్తప్పుడు ఇచ్చినదాంట్లో ఎనభై శాతం కంటే తగ్గితే అదీ ప్రాక్టీస్‌కే. ప్రాక్టీస్‌లో కూడా డ్రైవర్లు "ఇవాళ రోబోట్ బద్ధకంగా ఉంది" అనడం మొదలుపెడితే రీసైక్లింగ్‌కి. ఆటో పార్ట్స్ షాపుల్లో పాత లెడ్ బ్యాటరీలు తీసుకుంటారు, స్కూల్ డంప్‌స్టర్‌లో మాత్రం పడేయకండి.

పిట్‌లో ఎవరినీ అడగకుండా తెలిసే గుర్తు ఒకటి పెట్టుకోండి. ఛార్జ్ పూర్తయి, బీక్ పెట్టి చూసిన బ్యాటరీ కనెక్టర్‌కి మాత్రమే ఒక రంగు మూత తొడగాలి, 3డీ ప్రింటర్ ఉన్న టీముకి అది అరగంట పని. మూత లేనిది రోబోట్‌లోకి ఎక్కకూడదు, డ్రైవ్ టీమ్ ఎంత తొందరపెట్టినా సరే. బీక్ అంకెల్లో అన్నిటికంటే మంచి రెండిటిని ప్లేఆఫ్స్ మొదలయ్యేదాకా ముట్టుకోకుండా, నిండా ఛార్జ్‌తో పక్కన పెట్టండి.

సీజన్ అయ్యాక బండిని అలాగే గదిలోకి తోసేసి వేసవి సెలవులకి వెళ్లిపోవడం వల్ల పోయే బ్యాటరీలు మ్యాచ్‌ల్లో పోయేవాటికంటే తక్కువేం కాదు. ఖాళీగా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా కెపాసిటీ వెనక్కి రాదు. మే నెలలో అన్నీ నిండా ఛార్జ్ చేసి, ఏసీ ఉన్న గదిలో పెట్టి, రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ ఛార్జింగ్ పెట్టాలి. ఆ పని ఎవరిదో స్కూల్ మూసే ముందే పేరుతో సహా రాసుకోండి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా.